ఆనర్స్ క్లాసు మీద నా ఫిర్యాదు

కాలేజీలో దరఖాస్తులు తీసుకునే కిటికీ దగ్గర ఆ గుమాస్తా నన్ను ఒక్క మాట అడగలేదు. కాగితం మీద నా పేరు చూశాడు, చదివిన స్కూలు పేరు చూశాడు, ఆనర్స్ కట్ట మీద పెట్టబోయినవాడల్లా చేయి పక్కకి జరిపి పాస్ కోర్సు కట్ట మీద పెట్టాడు. పొరపాటున జరిగిందనుకునే వీలు కూడా లేదు. పెట్టాక దాన్ని అరచేత్తో తట్టి మరీ సర్దాడు.

"దాదా, నాది ఆనర్స్," అన్నాను బెంగాలీలో.

"పాస్‌లో నీకు హాయిగా ఉంటుంది."

"నేను హాయి కోసం రాలేదు."

అతను వినిపించుకోకుండా నా వెనకవాళ్ళ కాగితం కోసం చేయి చాపాడు. నేను ఊచల మధ్యలోంచి చేయి పెట్టి నా కాగితం నేనే తీసి ఆనర్స్ కట్ట మీద పెట్టాను. "బాబా రే! ఓడల డాక్ నుంచి క్రేను నడిచి వచ్చింది చూడండి," అన్నాడు గుమాస్తా. క్యూ అంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్ళలో ఇద్దరు తర్వాత నా క్లాసులోనే పడ్డారు. మూడేళ్ళూ వాళ్ళతో నేను మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడనో వాళ్ళకి తెలియదని తర్వాత క్లాసులో నాకు దొరికిన స్నేహితురాలు అనేది. తెలుసుకోవలసింది వాళ్ళే కదా.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. అప్పట్లో కలకత్తాలో డిగ్రీ రెండు రకాలు. పాస్ అంటే నాలుగు సబ్జెక్టులు పైపైన చదివి బయటపడటం. ఆనర్స్ అంటే ఒక సబ్జెక్టుని పట్టుకుని దాని అంతు చూడటం. ఆనర్స్ ఉంటేనే ఎం.ఎ.లో సీటు దొరికేది. ఎం.ఎ. ఉంటేనే హైస్కూల్లో పై తరగతులకి చరిత్ర చెప్పే ఉద్యోగం. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఇంకేదీ అక్కర్లేదు. చేరడం ఒక ఎత్తు అయితే అందులో నిలబడటం ఇంకో ఎత్తు. రెండేళ్ళకి పార్ట్ వన్ పరీక్షలు వస్తాయి. అందులో ఆనర్స్ పేపర్లకి పెట్టిన గీత దాటకపోతే ఆనర్స్ తీసేసి పాస్‌లోకి తోసేస్తారు. దాన్ని అందరూ 'ఆనర్స్ కట్' అనేవారు. వీధిలో ఏ అమ్మాయికైనా ఆనర్స్ కట్ అయిందంటే ఆ ఇంటి ముందు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు.

మా వీధిలో ఆ భయం లేదు, ఎందుకంటే ఆనర్స్ చదివినవాళ్ళే లేరు. వాట్‌గంజ్‌లో పోర్టువాళ్ళ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్న నదిలో పేరుకున్న ఒండ్రు తవ్వి తీసే ఓడ మీద ఖలాసీ. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళికి ముందే వచ్చి ఇక్కడే ఉండిపోయాడు.

"ఆనర్సంటే ఏటే?" అని అడిగాడు ఆ రోజు సాయంత్రం.

"ఒక సబ్జెక్టు లోతుగా చదవడం, నానా."

"లోతా? నానూ అదే పని సేత్తన్నాను కదే, గంగలో," అని తన మాటకి తనే చాలాసేపు నవ్వుకున్నాడు.

అమ్మ నవ్వలేదు. "మూడేళ్ళంట. అంత సదివి మళ్ళీ ఇంకో సదువంట. దీనికి అడిగినోళ్ళందరితో దెబ్బలాటే. ఆ కాలేజీలో ఎన్నాళ్ళుంటాదో సూద్దాం," అంది. ఆ చివరి మాట కూడా నేను మరిచిపోలేదు.

నా పేరు వెయిటింగ్ లిస్టులో వచ్చింది. ఇంజనీరింగులోనూ మెడిసిన్‌లోనూ సీట్లు వచ్చిన పిల్లలు ఖాళీ చేసి వెళ్తుంటే గోడ మీద కొత్త లిస్టు అంటించేవారు. రోజూ ఖిదిర్‌పూర్‌లో బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. లిస్టు రాని రోజున కూడా వెళ్ళేదాన్ని. ఇంట్లో కూర్చోలేకపోయేదాన్ని, కాలు నిలిచేది కాదు. చివరికి క్లాసులు మొదలైన తర్వాత నా పేరు ఆఖరి లిస్టులో ఆఖరిదిగా వచ్చింది. అందుకే రోల్ నంబర్లన్నిటిలో నాదే ఆఖరిది.

చరిత్ర డిపార్ట్‌మెంట్ హెడ్‌ని అందరూ 'సర్' అనే అనేవారు. ఇక్కడ నేనూ అలాగే రాస్తాను. గౌరవం అనుకోవద్దు, అలవాటు. తెల్ల ధోవతి, లాల్చీ, ఎప్పుడూ చేతివేళ్ళకి సుద్ద. నేను చేరిన మొదటి రోజు హాజరు పిలిచి, ఆఖరి నంబరు దగ్గర ఆగి, కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు.

"మద్రాజీ?"

"తెలుగు, సర్."

"అదే. బాంగ్లా అర్థమవుతుందా?"

"అవుతుంది."

"ఏదీ, ఎక్కణ్ణుంచి వస్తావో చెప్పు."

చెప్పాను. మా పేటలో మాట్లాడేది సగం హిందీ కలిసిన బెంగాలీ. డాక్‌లో అన్ని దేశాలవాళ్ళూ ఉంటారు, అందరికీ అర్థమయ్యేలా అరిగిపోయిన భాష అది. అదే నా నోట్లోంచి వచ్చింది. సర్ వినీవినగానే, "ఇది బాంగ్లా కాదమ్మా, బస్సు కండక్టరు కేక," అన్నాడు. క్లాసు విరగబడి నవ్వింది. నవ్వనిది నా పక్కనున్న అమ్మాయి ఒక్కతే. గంట కొట్టాక నా వైపు తిరిగి, "నిజంగా డాక్ దగ్గరే ఉంటారా? కిటికీలోంచి ఓడలు కనబడతాయా?" అని అడిగింది. కనబడవు, గోడౌను గోడ కనబడుతుందని చెప్పాను. "ధూర్!" అని నిజంగానే నిరాశపడింది. ఆ రోజు నుంచి నాకున్న స్నేహితురాలు ఆమె.

ఆ తర్వాత ప్రతి వారం హాజరు చివర నా నంబరు దగ్గరికి వచ్చేసరికి సర్, "నువ్వింకా ఉన్నావా?" అనేవాడు. మిగిలినవాళ్ళకి అది అలవాటైన హాస్యం. నాకు మాత్రం ప్రతిసారీ కిటికీ దగ్గర నా కాగితం పక్కకి జరుగుతున్నట్టే ఉండేది.

ఒక విషయం ఒప్పుకోవాలి, ఎందుకంటే దాచితే తర్వాత కథ అర్థం కాదు. ఆయన చెప్పడం బాగుండేది. సప్తగ్రామం గురించి చెప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒకప్పుడు పెద్ద రేవు అది. నది మేట వేసి, ఓడలు రావడం మానేసి, ఊరు ఊరంతా నది దిగువకి తరలిపోయింది. ఆయన బోర్డు మీద ఒక్క గీతలో నది గీశాడు. ఆ గీతని వేలితో కొంచెం కొంచెంగా చెరుపుతూ చెప్పాడు: మొదట పెద్ద ఓడ ఆగిపోయింది, తర్వాత చిన్న ఓడ, తర్వాత పడవ, చివరికి ఒక ముసలి వర్తకుడు రేవు మెట్ల మీద కూర్చుని బురదని చూస్తున్నాడు. అదంతా బెంగాలీలో. నాకు మా నాన్న బట్టల వాసన వచ్చింది. గంట కొట్టింది కూడా ఎవరికీ వినబడలేదు.

పరీక్ష మాత్రం బెంగాలీలో రాయలేను. మాట్లాడతాను గాని ఆ లిపి నాకు బస్సు మీద బోర్డు చదివేంతే వచ్చు. నేను చదివింది తెలుగు మీడియం స్కూల్లో, అందుకే ఈ నాలుగు మాటలూ తెలుగులో రాయగలుగుతున్నాను. తర్వాత రెండేళ్ళు ఇంగ్లీషు మీడియం అనిపించుకున్నా, బట్టీ పట్టడమే తప్ప నాకు వచ్చిందేమీ లేదు. యూనివర్సిటీ పరీక్ష ఇంగ్లీషులోనైనా రాయచ్చు, బెంగాలీలోనైనా రాయచ్చు. నాకు మిగిలింది ఇంగ్లీషు. మొదటి సంవత్సరం కాలేజీ పరీక్షలో ఆ సప్తగ్రామం ప్రశ్నే వచ్చింది. రేవు మెట్ల మీద ముసలి వర్తకుడు నా కళ్ళముందే ఉన్నాడు, కాని అతన్ని ఇంగ్లీషులోకి దించలేకపోయాను. పేపరు తిరిగి ఇస్తూ సర్ దాన్ని గాలిలో ఊపాడు.

"ఈ జవాబులో నది ఎటూ పారడం లేదు. ఎందుకమ్మా ఈ కష్టం? పాస్‌లోకి వెళ్ళు. పార్ట్ వన్‌లో కట్ అయి వెళ్ళేకన్నా ఇప్పుడు నీ కాళ్ళతో నువ్వు నడిచి వెళ్ళడం మర్యాద."

అందరి ముందూ అన్నాడు. నా ఒక్కదాని పేపరు గురించే అన్నాడు.

మర్నాడు ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు రాసి ఇచ్చాను. పరీక్ష ఇంగ్లీషులో రాసే హక్కు యూనివర్సిటీ ఇచ్చినప్పుడు పాఠం ఇంగ్లీషులో ఎందుకు చెప్పరు? నేను కట్టే ఫీజూ అందరూ కట్టే ఫీజూ ఒకటే. చరిత్ర హెడ్ పాఠాలు పూర్తిగా ఇంగ్లీషులోనే చెప్పేలా ఆదేశించాలి. ఆ 'పూర్తిగా' అన్న మాట కింద గీత కూడా గీశాను.

ఫిర్యాదు బల్ల మీద పడుకుంటే లేపడం నా పని. ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. ఆయన బయటికి వస్తే లేచి నిలబడేదాన్ని. ఏమీ అనేదాన్ని కాదు. ఈలోగా విద్యార్థి యూనియన్ దాదా ఒకడికి సంగతి తెలిసి, రంగు అంటుకున్న కుంచెతో సహా వచ్చాడు.

"దిదీ, ఇది భాషా హక్కుల సమస్య. గేటు మీద పోస్టరు వేద్దాం."

"పోస్టరు వద్దు. నాకు నోట్సు కావాలి."

"వ్యక్తిగతంగా ఆలోచించకూడదు మరి."

"మీ అందరికీ వ్యక్తిగతంగా పాఠం అర్థమవుతోంది కదా," అన్నాను. వాడు ముఖం ముడుచుకుని వెళ్ళిపోయాడు. ఎన్నికలప్పుడు నన్ను ఓటు కూడా అడగలేదు.

దుర్గాపూజ సెలవులు వచ్చి వెళ్ళాయి. ఒక బంద్ రోజు తర్వాత ప్రిన్సిపాల్ నన్ను లోపలికి పిలిచి, "అమ్మాయీ, నువ్వు ఆ బెంచీ మీద ఉన్నంతకాలం నాకు టీ సహించడం లేదు. ఉత్తర్వు ఇచ్చాను. ఇక వెళ్ళి చదువుకో," అన్నాడు.

గెలిచానని అమ్మకి చెప్పాను, నాన్నకి చెప్పాను, కిందింటివాళ్ళకి చెప్పాను.

మర్నాడు సర్ క్లాసుకి నాడా కట్టిన పాత కాగితాల కట్టతో వచ్చాడు. అంచులు పసుపెక్కిన కాగితాలు. సుద్ద ముట్టుకోలేదు. కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. రేవు క్షీణించుటకు గల కారణములు ఈ కింది విధముగా ఉన్నవి, మొదటిది ఇది, రెండవది అది. అంతా ఇంగ్లీషు. ఎక్కడా ఊపిరి లేదు, ముసలి వర్తకుడు లేడు, మెట్లు లేవు. ప్రతి పేరా చివరా ఆగి నా వైపు చూసి, "శాటిస్‌ఫైడ్?" అని అడిగాడు. మొదటిసారి నేను తల ఊపాను. రెండోసారి క్లాసు మూలిగింది. మూడోసారి ఎవరో వెనకనుంచి నా తల మీదికి కాగితం ఉండ విసిరారు.

గంట కొట్టాక అందరూ నా చుట్టూ చేరారు.

"ఏం చేశావే! రెండేళ్ళు ఇదే వినాలా?"

"బెంగాలీ అర్థమవుతుందని మొదటి రోజు నువ్వే చెప్పావు కదా!"

"వెనక్కి తీసుకో. ఒక్క వాక్యం రాసిస్తే సరిపోతుందట, సర్ చెప్పారు."

"నా పేపరు గాలిలో ఊపినప్పుడు మీరెవరైనా ఆయన్ని వెనక్కి తీసుకోమన్నారా?" అని అడిగాను. నా స్నేహితురాలు కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. ఆమెది పూర్తి బెంగాలీ మీడియం. ఆ గంటలో తన పుస్తకంలో ఆమె రాసుకున్నది సగం సగం మాటలే అని నేను చూశాను. చూసీ ఏమీ అనలేదు.

అసలు చిక్కు ఏమిటంటే నాకూ అర్థం కాలేదు. ఆయన చదివిన ఇంగ్లీషు నా చెవిలోకి వెళ్ళేది, చేతిలోకి వచ్చి అక్షరాలయ్యేది, మధ్యలో తలలో ఆగేది కాదు. బెంగాలీలో విన్న ప్రతి ముక్కా నాకు తెలుసు, ఇంగ్లీషులో రాసుకున్న ఒక్క ముక్కా తెలియదు. కొన్ని వారాలకి పుస్తకం నిండింది గాని నా భయం పెరిగింది. ఇలాగే పోతే పార్ట్ వన్‌లో గీత దాటను. ఇంట్లో తిండి సహించలేదు. చదవడానికి కూర్చుంటే కరెంటు పోయేది. కరెంటు వస్తే వీధిలో తిరిగేదాన్ని. గోడౌను గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేదాన్ని.

"నువ్వు అడిగిందే ఇచ్చీసినాడు కదే ఆ మాస్టారు. ఇంకేటి ఏడుపు?" అన్నాడు నాన్న ఒక రోజు కాళ్ళు కడుక్కుంటూ.

"అడిగింది ఇవ్వలేదు నానా. అడిగింది ఇచ్చినట్టు ఇచ్చాడు."

"నాకేటి తెల్దు. మరి ఎనక్కి ఇచ్చీ."

"ఇవ్వను."

"అయితే కూకో," అని తువ్వాలు దులిపి లోపలికి పోయాడు. నేను కూర్చోలేదు. మళ్ళీ గోడ వైపు వెళ్ళాను.

వెనక్కి తీసుకోకపోవడం తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఫిర్యాదు న్యాయమైనదే. న్యాయమైన ఫిర్యాదుకి అన్యాయంగా సమాధానం చెప్పింది ఆయన.

వేసవి ముందు ఒక మధ్యాహ్నం లైబ్రరీ నుంచి వస్తుంటే కరెంటు పోయింది. కాలేజీలో ఫ్యాన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో కింది అంతస్తు నుంచి సర్ గొంతు వినిపించింది. బెంగాలీలో. మెట్ల దగ్గరే ఆగిపోయాను. ఏదో కరువు గురించి చెబుతున్నాడు, ఊళ్ళో ఎవరు ముందు ఇత్తడి అమ్ముకున్నారు, ఎవరు చివర అమ్ముకున్నారు అని. కింద ఉన్నది పాస్ క్లాసు. ఉత్తర్వు ఆనర్స్ క్లాసుకి మాత్రమే. పాస్‌వాళ్ళకి ఆయన ఎప్పటిలాగే చెబుతున్నాడు.

నేను దిగి వెళ్ళి వెనక తలుపులోంచి లోపలికి నడిచాను. పెద్ద హాలు, జనం కిక్కిరిసి ఉన్నారు, సగం మంది పుస్తకాలతో విసురుకుంటున్నారు. చివరి బెంచీ కొసన కూర్చున్నాను. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పట్టించుకున్నాడు.

"అక్కడ ఎవరు? ఇది పాస్ క్లాసు. ఆనర్స్‌వాళ్ళకి పై అంతస్తులో ఇంగ్లీషులో చెప్తున్నాను కదా."

హాలంతా వెనక్కి తిరిగింది. నేను లేచి నిలబడ్డాను.

"ఇక్కడ కూర్చోకూడదని రూలుందా, సర్?"

ఆయన సుద్ద బల్ల మీద పెట్టాడు. "రూలు! రూళ్ళ పిల్ల వచ్చిందండీ," అన్నాడు. హాలు నవ్వింది. "లేదమ్మా, అలాంటి రూలు ఎవరూ రాయలేదు. ఆనర్స్‌వాళ్ళు పాస్ క్లాసులోకి వచ్చి కూర్చుంటారని యూనివర్సిటీ ఊహించలేదు." తర్వాత బోర్డు వైపు తిరిగి కరువు కథ ఆపిన చోట అందుకున్నాడు.

ఆ మాట నిజం. ఆనర్స్‌వాళ్ళు పాస్ క్లాసు గుమ్మం తొక్కరు. క్యాంటీన్‌లో బల్లలు కూడా వేరు. పాస్‌వాడితో పెళ్ళి కుదిరిన ఆనర్స్ అమ్మాయి ఆ సంగతి చివరిదాకా దాచిపెట్టిన కాలేజీ అది. నాకు ఆ సిగ్గు లేదు. నన్ను మొదటి రోజే ఆ కట్టలో పెట్టారు కదా, అక్కడికి వెళ్ళడానికి నాకేం కొత్త?

అప్పటి నుంచి పొద్దున పై అంతస్తులో ఇంగ్లీషు రాసుకునేదాన్ని, మధ్యాహ్నం కింద బెంగాలీ వినేదాన్ని. విన్నది అక్కడికక్కడే తెలుగులో గబగబా రాసుకునేదాన్ని, ఎందుకంటే నా చేయి వేగంగా నడిచే లిపి అదొక్కటే. ఇంటికి వెళ్ళి పసుపు కాగితాల ఇంగ్లీషు పక్కన పెట్టుకుని ఒక్కొక్క వాక్యం తయారు చేసుకునేదాన్ని. నా జవాబుల్లోకి మనుషులు వచ్చారు, ఇత్తడి బిందెలు వచ్చాయి, నది పారింది. పాస్ సిలబస్‌లో లేని సంగతులు కూడా సర్ ఆ హాల్లో చెప్పాడని, అవి నాకోసమేనని తర్వాత కొందరు అన్నారు. నేను నమ్మను. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు ఆయన.

ఈ సంగతి నా స్నేహితురాలికి నేను చెప్పలేదు. దాచలేదు, చెప్పలేదు, అంతే. ఒకరోజు హాల్లోంచి బయటికి వస్తుంటే మెట్ల మీద ఎదురైంది. నా వెనక తలుపులోంచి పాస్ పిల్లలు తోసుకుంటూ వస్తున్నారు. ఆమె వాళ్ళని చూసింది, నా చేతిలో పుస్తకం చూసింది.

"మా నోటి దగ్గర బాంగ్లా లాగేసి, నువ్వొక్కదానివీ ఇక్కడ కూర్చుని వింటున్నావా?"

"తలుపు తెరిచే ఉంది. నువ్వూ రా."

"పాస్ క్లాసులోకా? మా పేటవాళ్ళు ఇద్దరున్నారు ఇందులో. మా అమ్మకి సాయంత్రానికల్లా చేరుతుంది, నా ఆనర్స్ పోయిందని."

"వెళ్ళి కూర్చుంటే పోదు. కూర్చోకపోతేనే పోతుంది."

"నువ్వు వెనక్కి తీసుకుంటే మనిద్దరం పైనే వినచ్చు కదే! ఒక్క వాక్యం!"

"నా పేపరు ఊపినందుకు ఆయన ఒక్క వాక్యం చెప్పమను. అప్పుడు నేను రాస్తాను."

"మా గో!" అని తల పట్టుకుంది. "మీ ఇద్దరి మధ్య నేను చస్తున్నాను." నవ్వుతూ అన్నట్టే అంది గాని నవ్వు సగంలోనే ఆగిపోయింది. తర్వాత కూడా పక్కనే కూర్చునేది. కాకపోతే రోజూ గేటు దగ్గర కొని నాకూ పంచే జామకాయ ముక్కలు ఇవ్వడం మానేసింది. నేను అడగలేదు.

పార్ట్ వన్ అయింది. యూనివర్సిటీవాళ్ళు ఫలితాలు ఇవ్వడానికి ఎప్పటిలాగే నెలలు తీసుకున్నారు. ఆ నెలల్లో నేను ఇంట్లో ఒక్క పని సవ్యంగా చేయలేదు, రెండు గాజు గ్లాసులు పగలగొట్టాను. ఫలితాల రోజు గోడ ముందు గుంపులో దూరి చూశాను. నా ఆనర్స్ నిలిచింది. గొప్ప మార్కులేమీ కావు, గీతకి కొంచెం పైన, అంతే. ఊపిరి పీల్చుకుని నా స్నేహితురాలి నంబరు వెతికాను. పాస్ కోర్సు అన్న చోట ఉంది.

ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. ఏడవలేదు. "ఇక నుంచి ఆ హాల్లో కూర్చోవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు," అంది.

"సర్ ఇంగ్లీషు అలా చదివి..." అని మొదలుపెట్టాను.

"అవును, సర్ తప్పు," అంది వెంటనే. "ప్రిన్సిపాల్ తప్పు. యూనివర్సిటీ తప్పు. ఆ కిటికీ దగ్గర గుమాస్తా తప్పు. నువ్వు చెప్పినవాళ్ళందరి తప్పూ ఉంది. ఎవరినీ వదిలిపెట్టకు." అని బస్సు ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ మాట అనే హక్కు ఆమెకి ఎవరిచ్చారని చాలా రోజులు మండిపడ్డాను. నిద్ర పట్టేది కాదు. తప్పు ఎవరెవరిదో జాబితా నేను కూడా వేసుకున్నాను, ఆమె చెప్పినవాళ్ళే వచ్చారు. అయినా నిద్ర పట్టలేదు.

మూడో సంవత్సరం క్లాసులు మొదలయ్యాయి. సగం ఖాళీ అయిన గదిలో సర్ పసుపు కాగితాలతో వచ్చి చదువుకుంటూ పోయాడు. వారం తిరగకుండా నేను ప్రిన్సిపాల్ బల్ల మీద ఇంకో కాగితం పెట్టాను. ఆయన చదివి కళ్ళజోడు తీశాడు.

"ఆనర్స్ క్లాసులో బెంగాలీ బొత్తిగా వినబడటం లేదని ఫిర్యాదా? నువ్వా? నువ్వేనా అసలు?"

"నేనే, సర్."

"అయితే పాతది వెనక్కి తీసుకుంటున్నట్టు కింద ఒక ముక్క రాయి."

"పాతది అలాగే ఉంటుంది, సర్. అందులో అడిగింది న్యాయమే. ఇది వేరే. బెంగాలీ మీడియం పిల్లలకి అన్యాయం జరుగుతోంది, దాని మీద ఇది."

"వాళ్ళెవరూ రాలేదే?"

"వాళ్ళకి రాయడం అలవాటు లేదు."

ఆయన గంట మోగించి టీ తెప్పించుకున్నాడు. నేను బయట బెంచీ వైపు చూశాను. ఆయన కూడా చూశాడు. "వద్దు తల్లీ, కూర్చోకు. రెండు భాషల్లోనూ చెప్పమంటాను," అన్నాడు.

సర్ మర్నాడు కాగితాల కట్ట లేకుండా వచ్చాడు. సుద్ద తీసుకున్నాడు. పాఠమంతా బెంగాలీలో చెప్పి, చివర కొద్దిసేపు దాని సారం ఇంగ్లీషులో రాయించాడు. మొదటే ఇలా చేయడానికి ఆయనకేం అడ్డమొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేనే 'పూర్తిగా' అన్న మాట కింద గీత గీశానని ఆయన ఎవరితోనో అన్నాడట. గది ప్రాణం పోసుకుంది. అందరూ ప్రశ్నలు అడిగారు. ఒక్కరూ నాకు మంచి మాట చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం నేను కింద హాలుకి వెళ్ళాను. నా స్నేహితురాలు మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. బెంచీ మీద ఆమె పక్కన చోటు ఉంది, అందులో బ్యాగు పెట్టుకుంది.

"పైన బాంగ్లాలో చెప్తున్నారు. ఇంగ్లీషు కూడా ఇస్తున్నారు. నువ్వు వచ్చి కూర్చో," అన్నాను.

"ఎక్కడ, ఆనర్స్ క్లాసులోనా?"

"కూర్చోకూడదని రూలు లేదు. నేను ఇక్కడ కూర్చోలేదా?"

"నువ్వు వచ్చి కూర్చుంటే మళ్ళీ పైకి వెళ్ళేదానివి," అంది పుస్తకం తెరుస్తూ. "నేను వచ్చి కూర్చుంటే మళ్ళీ కిందికి దిగాలి. ఆ మెట్లన్నీ అందరూ చూస్తుంటే దిగాలి."

"ఆనర్స్ పరీక్ష ప్రైవేటుగా మళ్ళీ రాయచ్చు. కనుక్కుంటాను. నేను ఒక కాగితం పెడితే..."

"నా పేరు మీద కాగితం పెట్టకు."

అంతలో సర్ లోపలికి వచ్చాడు. హాలు లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. నేను ఒక్కదాన్నే బెంచీల మధ్య దారిలో నిలబడి ఉన్నాను. ఆయన నన్ను చూశాడు, బోర్డు వైపు తిరిగి దాని మీద ఒక గీత గీసి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె బ్యాగు తీయలేదు. తీయమని నేను అడగలేదు. మిగతా బెంచీల్లో చోటు ఉంది, వెనక కుర్రాళ్ళు ఇద్దరు జరిగి రమ్మని సైగ కూడా చేశారు. వెళ్ళలేదు. కిటికీ పక్క గోడకి ఆనుకుని, ఆ గంటంతా నిలబడే నోట్సు రాసుకున్నాను.